తంగేడును పెరికి వయ్యారిభామకు పీట వేస్తున్నం

ఈ పోస్టు పొడుగుంటది. ఓపిక ఉన్నోళ్ళు ఇప్పుడే చదవండి, లేనోళ్ళు రాత్రి తిన్నంక చదవండి. తిట్టాలనిపిస్తే మాత్రం మొత్తం చదివినంకనే తిట్టండి.

మొన్న ఒక వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. మా దిక్కు ఊరే. పేరు చెప్పను, ఎందుకంటే అన్ని ఊర్లదీ అదే కథ. ఫోటో కింద "రోడ్డుకు ఇరువైపులా పిచ్చి మొక్కల తొలగింపు కార్యక్రమం" అని రాసిన్రు. జేసీబీ ముంగట నలుగురు పెద్దమనుషులు నిలబడ్డరు, వెనుక ఎర్రమట్టి బోడిగా కనిపిస్తున్నది. నలభై మంది చప్పట్ల బొమ్మలు పెట్టిన్రు. నేను ఆ ఫోటోను వేళ్ళతో పెద్దగ చేసి చూసిన. జేసీబీ బొక్కెనలో ఉన్నది తంగేడు. పచ్చగ, నిండా పూత మీద ఉన్న తంగేడు. పెత్తరమాసకు ఇంక మూడు వారాలు లేదు. ఆ దినం ఎంగిలి పూల బతుకమ్మ పేర్చాలంటే ఆ ఊరి ఆడబిడ్డలు మండలం పోయి పూలు కొనుక్కోవాలి.

2014లో తెలంగాణ వచ్చినంక మనం రాష్ట్రానికి ఒక జంతువును, ఒక పక్షిని, ఒక చెట్టును, ఒక పువ్వును ఎంచుకున్నం. జింక, పాలపిట్ట, జమ్మి, తంగేడు. పాలపిట్టను కొట్టి ఫోటో పెడితే కేసు అయితది. జమ్మి చెట్టు నరికితే ఊరు ఊరుకోదు. తంగేడును వేర్లతో సహా పెకిలించి ఫోటో పెడితే చప్పట్లు!

నేను అనేది ఒక్కటే. రోడ్ల పక్కన, చేన్ల గట్ల మీద మనం "సాఫ్ చేసుడు" అని చేస్తున్న పని కలుపు తీసే పని కాదు, కలుపు విత్తే పని. పైసలు పెట్టి, డీజిల్ కాల్చి, మన చెట్లను తీసి, ఆ జాగను వయ్యారిభామకు దున్ని ఇస్తున్నం. ఇది మాటవరసకు అంటలేను, లెక్కతో చెప్తున్న.

మూడేండ్ల సంది నేను సైకిలు తొక్కుతున్న. షుగరు వచ్చినంక డాక్టరు రోజూ నడువుమన్నడు, మోకాలు నడవనన్నది, ఇద్దరి నడుమ సైకిలు వచ్చింది. వారానికి నాలుగు దినాలు మా ఊరి నుంచి మండలం దాకా పదకొండు కిలోమీటర్లు పోవుడు, చాయ్ తాగుడు, వచ్చుడు. బైకు మీద పోయినన్ని రోజులు ఈ బాట నాకు పొద్దుగాల్ల పది నిమిషాలే. పచ్చగ ఉంటే అంతా పచ్చగనే కనపడేది. సైకిలు మీద అట్ల కాదు. చెట్టు చెట్టుకు మొఖం కనిపిస్తది. ఎదురుగాలి ఉంటే ఇంక మంచిది, ఆగి చూడటానికి సాకు దొరుకుతది.

మొదటి మూడు కిలోమీటర్లు మట్టి బాట. కుంట కట్ట పక్క నుంచి పోతది. దీనికి టెండరు పడలేదు, కాబట్టి బతికింది. ఈ వారం ఆ మూడు కిలోమీటర్లలో ఏం పూసిందో చెప్తా వినండి. తంగేడు రెండు దిక్కులా నడుము ఎత్తు, పసుపు ముద్దల లెక్క. దాని మీద నల్ల తుమ్మెదలు. అవి ఆ పువ్వును పట్టుకొని జుయ్యిమని అదిలిస్తే పుప్పొడి రాలుతది, అది చూడాల్సిందే. తంగేడు కింద గునుగు, తెల్లగ, కొసకు లేత గులాబి రంగు, పొద్దు పొడుపు వెలుగు పడితే వెండి తీగె లెక్క మెరుస్తది. గట్టు వాలు మీద తుమ్మి. వినాయక చవితి నాడు తుమ్మికూర తినని ఇల్లు మా ఊర్ల ఇప్పటికీ తక్కువ. ఇసుక తేలిన కాడ విష్ణుక్రాంత. చిటికెన వేలి గోరంత నీలి పువ్వు, పొద్దెక్కితే ముడుచుకుంటది, అందుకే పది గంటలకు కారులో పోయేటోళ్ళకు అది ఉన్నదనే తెలవదు. ఈత చెట్టు మొదట్ల కంచె పట్టుకొని అడవినాభి తీగ పాకింది. రేకులు మంట లెక్క మీదికి లేస్తయి, అడుగున పసుపు, కొసన ఎరుపు. గడ్డ విషం, పిల్లలను ముట్టనియ్యొద్దు. పల్లేరు పూసింది. పల్లేరు పువ్వు చూసి మురిసినోడు దాని కాయకు ట్యూబు సమర్పించుకుంటడు, ఈ నెలలో నాకు రెండు పంచర్లు. ఉత్తరేణి ప్యాంటుకు పట్టుకొని ఇంటి దాకా వచ్చింది.

ఇవన్నీ "పిచ్చి మొక్కలు" అట.

మా అవ్వ బడికి పోలేదు. ఆమెకు ఈ బాట పొంటి ఉన్న ప్రతి చెట్టు పేరు తెలుసు. ఆమె లెక్కలో చెట్లు ఐదు రకాలు: కూర, మందు, పువ్వు, మేత, కంప. పిచ్చి మొక్క అన్న రకం ఆమె దగ్గర లేకుండె. తంగేడు పుల్లతో పళ్ళు తోమేది. తంగేడు పట్టతో తోళ్ళు పదును చేసేటోళ్ళు. తంగేడు మండలు, జిల్లేడు మండలు, కానుగ ఆకు తెచ్చి వరి మడిలో తొక్కేటోళ్ళు, అది మా తాతల యూరియా. పాయలకూర, దొగ్గలికూర, తెల్లగర్జల, పొన్నగంటి విత్తకుండా వచ్చిన కూరలు. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు ఇసొంటి విత్తని కూరల పేర్లు, వంటలు ఏండ్ల సంది పట్టుకొని కాపాడుతున్నరు. మనం ఇంటర్లు, డిగ్రీలు చదివి చెట్లను రెండే రకాలు చేసినం. మనం విత్తింది పంట, మిగిలింది పిచ్చిది. పేరు మరిచిపోయింది మనం, పిచ్చిది అయ్యింది మొక్క.

సరే, ముందుకు పోదాం. మూడు కిలోమీటర్లు దాటి తారు రోడ్డు ఎక్కంగనే సీను మారుతది. ఇక్కడ నుంచి ఏడాదికి రెండుసార్లు జేసీబీ దిగుతది. మూడేండ్లు నా కండ్ల ముంగటనే దిగింది. తారు రోడ్డు మొదటి మలుపు కాడ ఒక తంగేడు గుంపు ఉండె, గుత్తంగా పది పన్నెండు చెట్లు. మొదటి ఏడు పెరికిన్రు. ఆ వానాకాలం అక్కడ మోకాలెత్తు వయ్యారిభామ. రెండో ఏడు దాన్నీ గీకిన్రు. అది నడుమెత్తు వచ్చింది, అటు ఇటు వంద గజాలు పాకింది. ఈ ఏడు మలుపు నుంచి కల్వర్టు దాకా రోడ్డుకు రెండు దిక్కులా తెల్లగ సగ్గుబియ్యం చల్లినట్టు అదే. తంగేడు లేదు, గరిక లేదు, తుమ్మి లేదు. ఆ ముక్కలో సైకిలు తొక్కితే నాకు తుమ్ములు ఆగవు, మూతికి తువ్వాల కట్టుకొని పోతా.

మేకలు కాసే ఒక పెద్దమ్మ అక్కడ ఎదురైతది. "ఏం పెద్దమ్మా, మేకలు ఇంత జోరుగ ఉరుకుతున్నయ్" అన్న. "తినటానికి ఏమున్నది బిడ్డా? ఇదివరకు ఈ బాట దాటాలంటే పూట పట్టేది, ఆగి ఆగి మేసేటివి. ఇప్పుడు పది నిమిషాలు" అన్నది. రోడ్డు సాఫ్ అయ్యింది అనేటోళ్ళు ఒకసారి ఆ మేకలను అడగండి.

ఇది ఎందుకు ఇట్ల అయితది? మంత్రం ఏం లేదు. తంగేడు, గరిక, మన గడ్డి జాతులు వేరు పట్టి ఏండ్లు బతికేటివి. అవి నేలను కప్పి పెడతయి. వాటి నీడ కింద కొత్త గింజకు జాగ దొరకదు. జేసీబీ వాటిని వేర్లతో తీస్తది, మట్టిని గుల్ల చేస్తది. గుల్ల చేసిన బోడి మట్టి, మీద ఒక వాన. ఇంతకంటే మంచి నారుమడి వయ్యారిభామకు ఏముంటది? ఒక్క మొక్క పదివేల నుంచి పాతికవేల గింజలు రాలుస్తది. గింజ నూకంత కూడ ఉండదు. గాలికి పోతది, కాలువ నీళ్ళకు పోతది, టైరుకు అంటుకొని పోతది. మొలిచిన నెల, నెలన్నరకే పూతకు వస్తది. తేమ ఉంటే చాలు, కార్తె చూడదు. దాని ఆకులో, వేరులో ఉండే పార్థెనిన్ అనే పదార్థం పక్క మొలకలను లేవనియ్యదు. తంగేడుకు మళ్ళ చెట్టు కావాలంటే రెండు వానాకాలాలు కావాలి, దీనికి నెలన్నర. ఆరు నెలలకోసారి నేల బోడి చేస్తే ఎవరు గెలుస్తరో మీరే చెప్పండి. పైగా ఒక ఊరి రోడ్డు గీకిన జేసీబీ, బొక్కెన కడగకుండ ఇంకో ఊరికి పోతది. ఊరూరికీ ఉచిత విత్తన పంపిణీ.

"ఇదంతా పూల ముచ్చట, మాకు పంట ముచ్చట కావాలి" అనే అన్నలకు పంట ముచ్చటనే చెప్తా. 2000 వానాకాలంలో అనంతపురం జిల్లాలో పల్లి చేన్లు నిలువునా ఎండిపోయినయి. కాండం కుళ్ళు వైరస్ తెగులు. రెండు లక్షల హెక్టార్లకు పైన దెబ్బతిన్నది, నష్టం మూడు వందల కోట్లు దాటిందని లెక్క తేలింది. ఆ వైరస్ ఎక్కడ దాక్కున్నదయ్యా అని శాస్త్రవేత్తలు వెతికితే దొరికింది ఈ వయ్యారిభామలనే. మొక్క మీద తెగులు గుర్తు ఏమీ కనిపించదు, పుప్పొడిలో మాత్రం వైరస్ ఉంటది. గాలికి ఆ పుప్పొడి పల్లి ఆకు మీద పడుతది, ఆకును తామర పురుగులు గీకుతయి, ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతది. పొద్దుతిరుగుడుకూ ఇదే వైరస్ చేటు చేసింది. పల్లి చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న పెట్టుమని, గట్ల మీద వయ్యారిభామ పూయకముందే తీయుమని చెప్పుడు అప్పటి నుంచే. గట్టు మీద ఏముందో అది చేన్లకు వస్తది. తంగేడు ఉంటే తుమ్మెదలు వస్తయి, వయ్యారిభామ ఉంటే అది తెచ్చేది అది తెస్తది.

పాడి ఉన్నోళ్ళకు ఇంకో ముక్క. మేత లేక బర్రె దీన్ని తింటే పాలు చేదు వస్తయి. మనుషులకు ఒంటి మీద దద్దులు, దురద, ఆయాసం. వట్టి చేతులతో ఏండ్ల తరబడి కలుపు తీసిన ఆడోళ్ళ చేతులు చూడండి, చర్మం తోలు లెక్క గట్టిబడి పగులుతది.

మన దేశంలో ఇది గట్టిగా కండ్లబడింది 1950లలో, పుణె దిక్కు. అమెరికా గోధుమలతో వచ్చిందని చెప్పుకుంటరు. కాంగ్రెస్ గడ్డి అన్న పేరు కూడ ఆ కాలందే. ఇది తెలవక వచ్చింది అనుకుందాం. మరి తెలిసి తెచ్చుకున్నయి? లాంటానాను, అదే కొన్ని ఊర్లల్ల తలంబ్రాల చెట్టు అంటరు, 1809లో తెల్లదొరలు కలకత్తా తోటలోకి పూల అందం కోసం తెచ్చిన్రు. ఇప్పుడు అడవులల్ల లేళ్ళకు మేత లేకుండ చేసింది. గుర్రపు డెక్కను పువ్వు బాగుందనే తెచ్చిన్రు. చెరువు మీద మూత పడ్డంక మత్స్యకారులు వల వేసే జాగ లేదు. సర్కారు తుమ్మ? ఆ పేరులోనే ఉంది ఎవరు తెచ్చిన్రో. 1870లలో కడప దిక్కు కమలాపురంలో మొదట పెట్టిన్రు, కరువు నేలల్ల కట్టెలకు పనికొస్తదని. కట్టెలకు, బొగ్గుకు పనికొచ్చింది, కాదనను, ఎంతోమంది పేదోళ్ళ పొయ్యి దానితోనే మండింది. కానీ మా బంచరాయి భూమి మొత్తం అదే మింగింది, పశువులకు అడుగు పెట్టే సందు లేదు. లొట్టపీసు సంగతి చెప్పక్కర్లేదు. ఎందుకూ పనికిరాని దాన్ని లొట్టపీసు అని తిట్టుడు అలవాటు చేసుకున్నం గాని, దాన్ని కాలువల్లోంచి తీయుడు అలవాటు చేసుకోలేదు.

ఇంత చూసినంక కూడ బుద్ధి రాలేదనటానికి సాక్ష్యం నా పదకొండు కిలోమీటర్లల్ల ఆఖరి రెండు. మండలం దగ్గరికి వస్తుంటే రోడ్డు నడుమ, పక్కన కోనోకార్పస్ గుబురుగ, ఒక్క తీరుగ కత్తిరించి ఉంటది. 2015లో హరితహారం మొదలైనప్పుడు ఊరూరా మొక్కలు పెట్టుడు మంచి పనే, నేను కూడ గుంతలు తీసిన. కానీ ఆ మొక్కను ఎందుకు ఎంచిన్రు? తొందరగ పెరుగుతది, నీళ్ళు పోయకున్నా చావదు, పశువు తినదు. అంటే ఫోటోకు పనికొస్తది. పశువు తినని చెట్టును ఊరికి మేలు అనుకునే కాలం వచ్చింది. అది ఆక్సిజన్ పీల్చుకుంటదని, దాని కింద పడుకుంటే చస్తరని వాట్సాప్‌లో తిరిగేదంతా నమ్మకండి, అవి ఉత్త మాటలు. దాని పుప్పొడి కొందరికి పడుతలేదని, వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి పోతున్నయని ఫిర్యాదులు వచ్చినయి, 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని పెట్టొద్దని నిషేధించింది. మన దగ్గర కూడ పెట్టుడు ఆపిన్రు. ఆపిన్రు గాని, పెట్టినయి అట్లనే ఉన్నయి. నాకు దాని మీద ఉన్న పెద్ద కోపం ఏందంటే, అది నిలబడ్డ జాగ తంగేడుది.

ఇక్కడ ఒక తమ్ముడు కామెంట్ పెడుతడు నాకు తెలుసు: "అంటే బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ పీకెయ్యాలె అన్నా, మనయి మాత్రమే ఉండాలె." తమ్మీ, అది కాదు. అట్ల అంటే రేపటి సంది కూరలో మిర్చి వెయ్యకు, టమాట ముట్టకు, పల్లి, మక్క బంద్ చెయ్. అవన్నీ సముద్రం దాటి వచ్చినయే. బతుకమ్మలో తంగేడు, గునుగు పక్కన పేర్చే బంతి మెక్సికో దిక్కుది. అవ్వకు ఆ సంగతి తెలవదు, తెలిసినా తీసి పారెయ్యకపోవు. గడ్డి చామంతి, మనం చిన్నప్పుడు పలకలు తుడిచిన పలకాకు, తల ఎగరగొట్టి ఆడుకున్న రావణాసురుడి తలకాయ, అదీ అమెరికా చెట్టే. వచ్చింది, గట్టు మీద ఓ మూల కూసున్నది, దెబ్బ తగిలితే ఆకు పిండుకుంటున్నం. పక్కోళ్ళను ఎల్లగొట్టలేదు. ఎక్కడి నుంచి వచ్చినవు అని నేను అడుగను. వచ్చినంక పక్కోన్ని బతకనిస్తున్నవా లేదా అని అడుగుత. వయ్యారిభామ బతకనియ్యది. కాబట్టి దానితోనే నా కొట్లాట.

ఇప్పుడు మన రైతులతో కొట్లాట. రోడ్డు పెద్దమనుషులను తిట్టినప్పుడు చప్పట్లు కొట్టినోళ్ళు ఇక్కడ గమ్మున అయితరు. మన గట్ల మీద గడ్డి మందు కొడుతున్నది ఎవరు? పంచాయతీ కాదు, మనమే. చేన్ల కలుపుకు కూలోళ్ళు దొరుకుతలేరు, దొరికినా కూలి పెరిగింది, నాకు తెలుసు, నేను కూడ ఆ మూడెకరాలల్లనే బతుకుతున్న. చేన్ల సంగతి ఇయ్యాల మాట్లాడ. గునుగు జొన్న చేన్ల పడితే కలుపే, దాన్ని పీకాల్సిందే. కానీ గట్టు? గట్టు మీద పంట లేదు కదా! గట్టు మీద గడ్డిని చంపితే నీకు ఒక గింజ ఎక్కువ పండుతదా? గట్టు ఎర్రగ, బోడిగ, అద్దం లెక్క ఉంటే పక్క రైతు "బాగ చేసిండు" అంటడు, అంతే. ఆ మాట కోసం మందు కొడుతున్నం. గరిక వేర్లు చస్తే గట్టు మట్టి మొదటి పెద్ద వానకు మడిలోకి జారుతది, మళ్ళ చలకపార పట్టాలి. ఆ బోడి గట్టు మీద మొదట మొలిచేది మళ్ళ వయ్యారిభామనే.

గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరే ఎవరూ కొట్టొద్దని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మన ఊర్లల్ల ఆపరేటరును ఎవరన్న చూసిన్రా? నేను చూడలే. డబ్బాలు మాత్రం గట్టుకొకటి కనిపిస్తయి. పారాక్వాట్ అయితే ఒంట్లోకి పోతే విరుగుడు మందే లేదు. ఆ ఖాళీ డబ్బాల్లో నీళ్ళు పట్టుకుపోయే పిల్లలను చూసి నాలుగు తిట్టి డబ్బా పగలగొట్టిన సంగతి ఇంకో పోస్టులో రాస్తా.

ఇంకొకటి ఆలోచించండి. కాకర, గుమ్మడి, దోస పెట్టేటోళ్ళకు పిందె పట్టాలంటే ఈగ రావాలి. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు మీద పడేది దానితోనే. మన తీగ పూసేది నెల, రెండు నెలలు. మిగిలిన పది నెలలు ఆ ఈగ ఏం తిని బతకాలి? తుమ్మి, తంగేడు, ఉత్తరేణి, పల్లేరు, అవే దాని దుకాణాలు. దుకాణాలన్నీ మూసేసి, పండుగ నాడు మాత్రం ఈగ రాలేదని మొత్తుకుంటున్నం. "పిందెలు రాలుతున్నయి, ఏ మందు కొట్టాలె అన్నా" అని ఈ పేజీలనే ఎంతమంది అడుగుతున్నరో నేను చూస్తున్న.

మరి పాముల సంగతి అంటరు. మలుపుల కాడ ఎదురుగ వచ్చే బండి కనపడదంటరు. రెండూ నిజమే. దానికి జేసీబీ ఎందుకు? తారు అంచు నుంచి ఒక మీటరు దాకా గడ్డి మిషనుతో కోయండి, వేరు ముట్టకండి. తంగేడు అడ్డం వస్తే మోకాలెత్తుకు నరకండి, మళ్ళ చిగురిస్తది. కోసిన గడ్డి నేలను పట్టుకొనే ఉంటది కాబట్టి వయ్యారిభామకు సందు దొరకదు. పాము దాగాలంటే దానికి తంగేడే కావాలా, నడుమెత్తు వయ్యారిభామ సరిపోదా?

పోయినేడు వినాయక చవితికి పట్నంలో మా బిడ్డ ఇంటికి పోయిన. అల్లుడు బజారు నుంచి పత్రి కట్ట తెచ్చిండు. ఇరవై ఒక్క రకాలు అని చెప్పి అమ్మిన్రట. విప్పి చూస్తే మామిడి మండ, జిల్లేడు, గరిక, ఇంకేవో నాలుగు. మాచిపత్రి అని పెట్టింది చూస్తే వయ్యారిభామ. ఆకు చీలికలు రెండింటికీ కొంచెం కలుస్తయి, తెలవనోడు మోసపోతడు. దేవుని పీట మీద పెట్టబోతుంటే చెయ్యి పట్టుకొని ఆపిన. నా మనుమరాలు "తాతా, ఇది మా బడి వెనుక మస్తు ఉంది, దీన్ని పూజ చెట్టు అంటం" అన్నది. ఉత్తరేణి, విష్ణుక్రాంత, వాకుడు, జమ్మి అన్నీ ఆ ఇరవై ఒక్కటిలో ఉన్నయి. ఏడాదికి ఒక్కనాడన్న పిల్లలు వాటి పేర్లు నేర్చుకోవాలని పెద్దలు పెట్టిన పండుగ. ఇప్పుడు ఆ పిల్లకు తెలిసిన పూజ చెట్టు వయ్యారిభామ.

ఇగ చేయాల్సిన పని. వయ్యారిభామను తీసే కాలం పూతకు ముందు, వాన పడి నేల మెత్తగున్నప్పుడు. చేతికి తొడుగు, మూతికి బట్ట, నిండు చేతుల అంగీ. వేరుతో సహా గుంజాలి, కోస్తే మళ్ళ చిగురు పెడతది. పూయనిదాన్ని పేడతో కలిపి గుంతలో వేస్తే మంచి కంపోస్టు అయితది. పూసినదాన్ని ఊపొద్దు, ఈడ్చుకపోవద్దు, అక్కడనే సంచిలో కుక్కి గుంతలో పూడ్చాలి. ఒక్క ఏడు తీస్తే పోదు, గింజ మట్టిలో ఏండ్లు ఉంటది, మూడు నాలుగేండ్లు పట్టు పట్టాలి. తీసిన జాగ ఖాళీగ ఉంచొద్దు, తగిరిస గింజలు చల్లండి. అది గుబురుగ లేచి దాన్ని తొక్కి పెడతది, లేత ఆకు కూరకు కూడ వస్తది. వయ్యారిభామ ఆకుల మీద తెల్లటి ఒంటి మీద నల్ల గీతలున్న చిన్న పెంకు పురుగు కనిపిస్తే దాని జోలికి పోకండి. దాన్ని మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగుళూరు దిక్కు వదిలిన్రు, అది తినేది ఈ ఆకునే. పొద్దుతిరుగుడును తింటదని నడుమ గోల అయ్యింది గాని, అది బతికేది దీని మీదనే. వానాకాలం తింటది, ఎండలకు మట్టిలో దాక్కుంటది. మనం మట్టిని జేసీబీతో తిప్పి దాన్ని కూడ చంపుతున్నం.

పంచాయతీ పాలకవర్గాలకు నా ప్రశ్న ఒక్కటే. ఊరికో నర్సరీ ఉన్నది. అందులో ఇయ్యాల తంగేడు కవర్లు ఎన్ని ఉన్నయి? మా ఊర్ల నేనే పోయి లెక్క పెట్టిన, ఒక్కటి లేదు. కాగితం పూలు ఉన్నయి, పచ్చగన్నేరు ఉన్నది. రాష్ట్ర పువ్వు రాష్ట్రంలో ఏ నర్సరీలో దొరుకుతదో ఎవరన్న కామెంట్లో పెడితే, పెట్రోలు పెట్టుకొని పోయి చూసి దండం పెట్టి వస్త. గ్రామసభలో ఒక తీర్మానం రాయించండి: రోడ్డు అంచులల్ల జేసీబీ పెట్టొద్దు, గడ్డి మందు కొట్టొద్దు, కోనోకార్పస్ ఎండినకాడ తంగేడు పెట్టాలి. రూపాయి ఖర్చు లేని తీర్మానం. ఉన్న ఖర్చు కూడ తగ్గుతది.

తంగేడు గింజలు కావాలన్నోళ్ళు ఇప్పుడు అడగకండి, ఇప్పుడు పూత. కాయలు ఎండినంక, సంక్రాంతి దాటినంక మట్టి బాట పొంటి ఏరి పెడతా, కావాలన్నోళ్ళు ఊరి పేరు కామెంట్లో రాసి పెట్టండి. గింజ పెంకు గట్టిది. నీళ్ళు మరగబెట్టి దించి, గింజలు అందులో వేసి తెల్లారేదాక ఉంచి, పొద్దున కవర్లల్ల పెట్టుకోండి. పశువు తినదు కాబట్టి కంచె అక్కర్లేదు. జేసీబీ నుంచి కాపాడుకుంటే చాలు.